చెలామణిలో పాత నాణెములు: భరుకచ్ఛము నుండి భాగ్యనగరము వరకు

సూరతు నుండి భరూచికి పోవు రైలుదారిలో, తాపీ నర్మదా నదుల నడుమ, కిమ్ అను చిన్న పట్టణము కలదు. ఆ పేరే గల చిన్న నది దాని చేరువనే పారి ఖంభాతు సింధుశాఖలో కలియును. 1860లో అంకలేశ్వరము నుండి తాపీ ఉత్తరపు గట్టున గల ఉత్రాణము వరకు వేసిన తొలి ఇనుపదారి ఈ ప్రదేశము మీదుగనే సాగినది. రాజధానిగా గాని, రేవుగా గాని కిమ్‌కు చరిత్రలో పేరు లేదు. అయినను ఈ దారి పొడవున రెండు వేల ఏండ్లలో ఒక వింత పలుమారులు జరిగినది. ఇక్కడి సంతలలో చేతులు మారిన చిల్లరలో గతించిన రాజుల నాణెములు, పరదేశపు నాణెములు, ఒక్కొక్కప్పుడు నాణెములే కాని వస్తువులును క్రొత్త నాణెములతో కలిసి తిరిగినవి. రాజు పోయిన తరువాత రాజు బొమ్మ ఎంతకాలము చెల్లును? చెల్లుబాటును నిర్ణయించువాడు రాజా, షరాబా, కూరలమ్ము స్త్రీయా? ఈ ప్రశ్నకు ప్రశస్తులలో సమాధానము దొరకదు. చిల్లరసంచిలో దొరకును.

ఇందుకు మిక్కిలి పాత సాక్షి ఒక నావికుడు. క్రీస్తు శకము మొదటి శతాబ్దిలో ఎఱ్ఱసముద్రము మీదుగా మన పడమటి రేవులకు వచ్చు వర్తకుల కొఱకు గ్రీకు భాషలో ఒక చిన్న పుస్తకము పుట్టినది. దానిని పెరిప్లస్ అందురు. కర్త పేరు తెలియదు. కిమ్‌కు ఉత్తరమున నర్మద ఒడ్డున గల భరుకచ్ఛమును అతడు బారిగాజా అనెను. ఏ సరకు అక్కడ అమ్ముడుపోవును, ఏది కొనవలెను, నదీముఖమున పోటు ఎట్లు ఓడలను త్రిప్పివేయును అను సంగతుల నడుమ అతడొక మాట వ్రాసిపెట్టెను. తన కాలమునందును ఆ పట్టణపు అంగళ్ళలో పాత ద్రాఖ్మలు చెల్లుచున్నవనియు, వానిమీద గ్రీకు అక్షరములును, అలెగ్జాండరు తరువాత ఏలిన అపొల్లోడోటసు, మినాండరు అను రాజుల చిహ్నములును ఉన్నవనియు ఆ మాట సారాంశము.

ఈ మినాండరే బౌద్ధ వాఙ్మయమున నాగసేనునితో వాదించిన మిలిందుడు. అతడు క్రీస్తు పూర్వము రెండవ శతాబ్దివాడు. అనగా నావికుని చేతికి వచ్చిన నాణెము వయస్సు అప్పటికే నూటయేబది, రెండువందల ఏండ్లు. నేడు కిమ్ స్టేషనులో టీ అమ్మువాడు విక్టోరియా రాణి నాటి వెండి రూపాయిని మామూలు చిల్లరతో పాటు చేతిలో పెట్టినట్లని ఊహించిన ఆ విషయము బోధపడును.

ఈ గ్రంథకర్త చరిత్రజ్ఞానము మాత్రము నమ్మదగినది కాదు. అలెగ్జాండరు ఈ ప్రాంతముల నుండి బయలుదేరి గంగానది వరకు పోయెనని అతడు వ్రాసెను. అలెగ్జాండరు భరుకచ్ఛము ముఖము చూడలేదు, గంగను చేరను లేదు. విన్న కథను వ్రాసినప్పుడు పొరపడిన మనిషి, అంగడిలో పుచ్చుకొన్న చిల్లరను గూర్చి వ్రాసినప్పుడు పొరపడలేదు. సాహిత్య విమర్శకులకు ఈ భేదము క్రొత్త కాదు. ఒకే గ్రంథమున వినికిడికి ఒక విలువ, కనికిడికి ఒక విలువ.

ఆ పాత ద్రాఖ్మలు ఎందుకు చెల్లినవి? వెండి మంచిది. తూకము తెలిసినది. పైగా ఆ ప్రాంతమున తరువాత ఏలిన క్షహరాత క్షత్రపుడు నహపానుడు వేయించిన వెండి నాణెములును దాదాపు ఆ పరిమాణమునకు చెందినవే. వానిమీదను రాజు తల ఉండును, చుట్టును గ్రీకు లిపి ఉండును. ఆ లిపిని చెక్కిన పనివానికి అది చదువవచ్చెనో లేదో అనుమానమే. ఇక చేత పట్టుకొన్న రైతుకు అది అక్షరము కాదు, అంచునగల అలంకారము. గ్రీకు రాజ్యము పోయినను గ్రీకు అంచు గల వెండిబిళ్ళ మీది నమ్మకము పోలేదు. రోమకుల బంగారు, వెండి నాణెములను భరుకచ్ఛమునకు తెచ్చి స్థానిక నాణెములతో మార్చినచో లాభము కలదని కూడ ఆ నావికుడే చెప్పెను. మారకము వ్యాపారమైన చోట ఏ నాణెమును పరాయిది కాదు.

ఇచ్చట తెలుగు పాఠకుడు ఒక క్షణము ఆగవలెను. గ్రీకు ద్రాఖ్మ సంస్కృత ప్రాకృతములలో ద్రమ్మమైనది. ద్రమ్మము ఉత్తరదేశ భాషలలో దామ్ అయినది. అక్బరు నాటి రాగినాణెమునకు ఆ పేరే నిలిచినది. దామ్‌లో అల్పాంశము దమ్‌డీ. అది తెలుగునకు వచ్చి దమ్మిడీ ఐనది. “దమ్మిడీ ఆదాయము లేదు, క్షణము తీరిక లేదు” అని విసుగుకొను తెలుగు గృహిణి నోట భరుకచ్ఛపు ద్రాఖ్మ తునుక ఒకటి నేటికిని చెల్లుచున్నది. రోమకుల దెనారియసు దీనారమై శ్రీనాథుని కనకాభిషేక గాథలో టంకముల సరసన చేరినది. ఈ మాటలను విదేశ్యములని వేరుచేయబూనువారు, అవి ఎన్ని చేతులు మారి, ఎంత అరిగి, మన చేతికి వచ్చినవో చూడవలెను.

నహపానుని నాణెములకు మన చరిత్రతో మఱియొక సంబంధము కలదు. 1906లో నాసికు చేరువ జోగల్‌తెంబి అను చోట ఒక పెద్ద నిక్షేపము బయటపడినది. అందు పదమూడు వేలకు పైబడిన నాణెములు, అన్నియు నహపానునివే. వానిలో మూడింట రెండు వంతులకు మించి గౌతమీపుత్ర శాతకర్ణి తిరిగి ముద్ర వేయించినవి. నహపానుని జయించిన శాతకర్ణి ఆ వెండిని కరగింపలేదు. ఓడిన రాజు ముఖముమీదనే తన చైత్యచిహ్నమును, ఉజ్జయినీ చిహ్నమును కొట్టించి విడిచిపెట్టెను. క్రొత్త ముద్ర క్రింద పాత ముక్కు, పాత కన్ను, ముక్కలైన గ్రీకు అక్షరములు నేటికిని కనబడును. కరగించుటకు ఖర్చు, కాలము పట్టును. పైగా ముద్రమీది ముద్ర చేయు ప్రకటన వేఱు. ఊరూరను చాటింపు వేయుటకంటె ప్రతివాని చేతిలోని బిళ్ళమీదనే విజయమును వ్రాయుట సులువని ఆ రాజు గ్రహించెను. అయినను సుమారు నాలుగువేల నాణెములు ఆ రెండవ ముద్ర లేకయే అదే కుండలోనికి చేరినవన్నది మఱచిపోరాదు. దాచుకొన్నవాడు రెండింటిని ఒకటిగనే ఎంచెను. రాజుకు భేదము కావలెను. ఇంటివానికి వెండి కావలెను.

తరువాత శాతవాహనులు క్షత్రపుల బాణీలోనే తమ తల బొమ్మతో వెండి నాణెములు వేయించిరి. వానిపై ఒకవైపు ప్రాకృతము, రెండవవైపు ఒక ద్రావిడ భాషారూపము కనిపించును. దానిని తమిళమని కొందఱు, తెలుగునకు పూర్వరూపమని కొందఱు వాదించిరి. ఆ వివాదము నాలుగు మాటలలో తేలునది కాదు. ప్రజల భాషకు శిలలపై చోటు దొరకుటకు ముందే చిల్లరపై చోటు దొరకినదన్న సంగతి మాత్రము గుర్తింపదగినది.

నిక్షేపములను గూర్చి వ్రాసినవారు పెక్కుమంది. చేతిచిల్లరను శాస్త్రముగా పరిశీలించినవారు అరుదు. అట్టివారిలో దామోదర ధర్మానంద కోసంబి ముఖ్యుడు. ఆయన వృత్తిచేత గణితజ్ఞుడు. బౌద్ధ పండితుడు ధర్మానంద కోసంబి కుమారుడు. ఏనుగు లక్ష్మణకవి తెనిగింపు ద్వారా భర్తృహరిని ఎఱిగిన మనకు, భర్తృహరి సుభాషితములకు 1948లో విమర్శనాత్మక పరిష్కరణమును సిద్ధపఱచిన పండితుడుగ ఆయన పరిచితుడు కావలెను. తక్షశిలలో దొరకిన ముద్రాంకిత వెండి నాణెములకు ముందు వెనుకలు నిర్ణయించుటకు ఆయన ఒక సరళమైన దారి త్రొక్కెను. నాణెము చేతులు మారిన కొలది అరుగును. అరుగుదల కాలమునుబట్టి పెరుగును. ఒకేసారి పుట్టిన నాణెముల మధ్య తూకపు తేడాలును కాలముతో పెరుగును. ఇది నిజమగునా కాదా అని తేల్చుటకు ఆయన పురావస్తుశాలకు పోలేదు. తన కాలమున బజారులో తిరుగుచున్న నాణెములను వేలకొలది సేకరించి సున్నితపు త్రాసులో తూచెను. వానిమీద వేసిన సంవత్సరము ఉన్నది గనుక వయస్సు తెలియును, తూకము తెలియును. ఆ లెక్కను వెనుకకు నడిపి తేదీలు లేని ప్రాచీన నాణెములకు అన్వయించెను.

ఇందలి విశేషము ఒక్క పద్ధతిలో లేదు. నాణెము అరుగుట దానికి కలిగిన నష్టమని సేకర్తలు భావింతురు. కోసంబి దృష్టిలో ఆ అరుగుదలయే వ్రాత. తళతళలాడు నాణెము టంకశాలను గూర్చి మాత్రము చెప్పును. అరిగిన నాణెము సంతను గూర్చి చెప్పును. అందుచేతనే చింతపండుతోను, ఆమ్లముతోను పాత నాణెమును తోమి మెఱుగు పెట్టువారు తెలియకయే ఒక తాళపత్రమును కడిగివేయుచున్నారు. వ్రాతప్రతుల పాఠభేదములను తూచిన చేతితోనే ఆయన నాణెములను తూచెను. ఆ రెండు పనులు ఒకే బుద్ధి చేసినవి.

మరల కిమ్ ప్రాంతమునకు వత్తము. అక్బరు 1573లో గుజరాతును జయించిన తరువాత సూరతు మొగలాయీల ప్రధాన రేవైనది. పరదేశపు ఓడలు తెచ్చిన స్పెయిను వెండి సూరతు టంకశాలలో కరగి రూపాయిలయినది. పెద్ద వర్తకమునకు రూపాయి సరిపోవును. ఆకుకూర కొనువాని మాట యేమి? రాగి నాణెము కూడ అతని బేరమునకు పెద్దదే. బంగాళమున ఆ కొఱతను గవ్వలు తీర్చినవి. గుజరాతులో, పదునేడవ శతాబ్దిలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే వ్రాసినట్లు, పారశీకము నుండి వచ్చిన చేదు బాదములు తీర్చినవి. పైసకు ఇన్ని బాదములని లెక్క, ఆ లెక్కయు పంటనుబట్టి మారును. తియ్యనివైనచో పిల్లలు తినివేసెదరు గనుక చేదువి కావలసివచ్చినవని తోచును. తెలుగువారు మాత్రము గవ్వనే ఎఱుగుదురు. “చేతిలో చిల్లిగవ్వ లేదు” అను మాటలో ఆ కాలపు చిల్లర అడుగు మెట్టు నిలిచియున్నది.

సూరతు రూపాయి కథలో ఒక చిక్కు కలదు. ఈస్టిండియా కంపెనీవారు 1800లో సూరతు పాలనను పూర్తిగా చేతికి తీసికొనిరి. వారి రూపాయిపై మాత్రము ఢిల్లీ పాదుషా రెండవ షా ఆలము పేరే నిలిచినది. అంతేకాదు, అతని పాలనలో 46వ సంవత్సరము అను అంకెయు మార్పులేక నిలిచినది. ఏండ్లు గడచుచున్నను నాణెము మీద కాలము కదలలేదు. బంగాళపు సిక్కాపై 19వ ఏడు, ఫరక్కాబాదు రూపాయిపై 45వ ఏడు ఇట్లే గడ్డకట్టినవి. చెన్నపట్టణపు ఆర్కాటు రూపాయి రెండవ ఆలంగీరు ఆఱవ ఏటిని మోసినది. తెలుగు జిల్లాలలో శిస్తు కట్టిన రైతు చేతిలో తిరిగినది ఇదియే. దీనికి కారణము షరాబు. రూపాయి పుట్టిన ఏడు గడచినకొలది అరిగినదని వంక పెట్టి వట్టము కోయుట అతని ఆచారము. తేదీ మారకున్నచో ఏది పాతదో తెలియదు, వట్టమునకు సాకు ఉండదు. కాలమును ఆపివేసి నమ్మకమును నిలుపు ఉపాయమిది. తరువాత విక్టోరియా రూపాయిపైనను 1862 అను సంవత్సరమే 1874 వఱకు కొనసాగినది. నాణెముపై చదివిన సంవత్సరమును అది పుట్టిన సంవత్సరముగ నమ్మి చరిత్ర వ్రాయువారు ఈ అబద్ధపు తేదీలను గమనింపవలెను.

1835లో 180 గ్రెయినుల తూకముతో కంపెనీ రూపాయి ఏకరూపమున వచ్చినది. పటములో అంతయు ఒకటే వర్ణము పూసినట్లయినది. నేలమీద అట్లు కాలేదు. కిమ్ చేరిన ఓల్పాడు తాలూకా ఆంగ్లేయుల సూరతు జిల్లాలోనిది. ప్రక్కనున్న కామరేజు బరోడా గాయక్వాడుల నవసారి ప్రాంతములోనిది. ఈ తాలూకా దాటి ఆ తాలూకాలో కాలు పెట్టినచో ప్రభుత్వము మారును, రూపాయియు మారును. బరోడా వారి రూపాయికి బాబాషాహీ అని పేరు. దానికి ఆంగ్లేయుల రూపాయితో సమానమైన వెల లేదు. మూడవ సయాజీరావు కాలమున బరోడా నాణెములు యంత్రముపై, నాగరి లిపిలో, విక్రమ సంవత్సరముతో, గాయక్వాడుల ఖడ్గముతో వెలువడినవి. ఇరువదవ శతాబ్ది మొదలగు వేళకు బరోడావారు తమ రూపాయిని ఉపసంహరించి ఆంగ్లేయుల రూపాయిని అంగీకరించిరి. ప్రత్తి అమ్మి సాయంకాలము లెక్క చూచుకొను ఈ సరిహద్దు రైతునకు అంతవఱకు తన సంచిలో ఎన్ని రూపాయలున్నవని కాక, ఎవరి రూపాయలున్నవని చూచుకొనవలసి యుండెను.

ఈ సరిహద్దు బాధ తెలుగువారికి చక్కగా తెలియును. తెలుగు నేలపై రెండు రూపాయలు ఇంకను దీర్ఘకాలము నడచినవి. కోస్తాలో ఉత్తర సర్కారుల కొఱకు కంపెనీవారు 1794లోను, 1797లోను రాగి నాణెములను ఇంగ్లండులో బర్మింగ్‌హాం చేరువ సోహో కర్మాగారమున ఆవిరియంత్రముపై కొట్టించి ఓడలపై తెప్పించిరి. రూపాయికి నలుబది ఎనిమిది అని వానిమీద ఇంగ్లీషున వ్రాసియుండెను. చేతి సుత్తెతో కొట్టిన వంకర డబ్బులకు అలవాటుపడిన తెలుగు రైతు చేతికి సరిగా గుండ్రని యంత్రపు బిళ్ళ వచ్చుట అదియే మొదలు. మఱి కొంతకాలమునకు, 1807 ప్రాంతమున, చెన్నపట్టణపు టంకశాల వెండి ఫణములపై తమిళముతో పాటు తెలుగు లిపియు వేసినది. నేటి భారత నాణెములపై హిందీ, ఇంగ్లీషు తప్ప మఱియొక భాష లేదు. ఈ విషయమున కంపెనీ వర్తకుడు కొనువాని భాషను గూర్చి ఎక్కువ శ్రద్ధ వహించెను.

తెలంగాణమున నిజాము రూపాయి వేఱు. దానిని హాలీ సిక్కా అనిరి. హాలీ అనగా ప్రస్తుతము చెల్లుచున్నది. ఆంగ్లేయుల రూపాయి కల్దారు, అనగా యంత్రపుది. 1903లో సైఫాబాదున టంకశాల నెలకొని హైదరాబాదు రూపాయియు యంత్రపుదే అయిన తరువాత కూడ కల్దారు అను పేరు ఆంగ్లేయుల దానికే మిగిలినది. మాట పుట్టిన కారణము పోయినను మాట పోలేదు. మారకపు లెక్కలో ఏడు హాలీ రూపాయలు ఆఱు కల్దారులకు సమానము. నూఱు కల్దారులకు నూటపదునాఱు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు! తునిలోనో బెజవాడలోనో బండెక్కి సికింద్రాబాదులో దిగినవాడు ఈ లెక్కను షరాబునకు వదలక తప్పినది కాదు.

హాలీ నాణెముపై చార్మినారు బొమ్మ ఉండును. ఆ బొమ్మలో నడిమి ద్వారమునందు ఒక ఉర్దూ అక్షరము ఇమిడియుండును. మీమ్ ఉన్నచో మహబూబు అలీఖాను, ఐన్ ఉన్నచో ఉస్మాను అలీఖాను. 1911లో తండ్రి పోయి కుమారుడు వచ్చినప్పుడు కట్టడము మారలేదు, గుమ్మములోని అక్షరము మాత్రము మారినది. ఉర్దూ రాని పల్లెవానికి రెండును ఒక్కటే. అందుచేత తండ్రి నాణెము కుమారుని కాలమున ఏ అడ్డును లేక నడచినది. ఆ ఏటనే ఆంగ్లేయ ప్రభుత్వము వేయించిన అయిదవ జార్జి రూపాయి మాత్రము చిక్కున పడినది. రాజు అంగీపై చెక్కిన ఏనుగు తొండము పొట్టిదై అది పందివలె కనిపించెనని అలజడి పుట్టినది. ప్రభుత్వము ఆ నాణెములను నిలిపివేసి 1912లో ఏనుగును దిద్దించినది. అంతకుముందే జనము చేతికి పోయినవి కొన్ని తిరిగి రాలేదు. పైసంత బొమ్మలో గీత ఒకటి తప్పినందుకు సామ్రాజ్యము వెనుదీసినది.

రెండవ ప్రపంచ యుద్ధములో వెండి కఱవైనది. 1940లో రూపాయిలో వెండి పాలు సగమునకు దిగినది. పాత రూపాయలు కంసాలి మూసకును, కాసులపేరుల వలె రూపాయల దండలలోనికిని, నేలలోని కుండలకును తరలినవి. చెడ్డ నాణెము మంచి నాణెమును వెడలగొట్టునన్న సూత్రమును పల్లెటూరి ముసలమ్మ ఏ అర్థశాస్త్రియు చెప్పకయే ఆచరించినది. 1943లో రాగి పొదుపునకై నడుమ చిల్లి గల పైస వచ్చినది. అది సంచిలోకంటె పిల్లల మొలత్రాళ్ళలో ఎక్కువకాలము బ్రతికినది.

హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసిన తరువాత 1950వ దశకములో హాలీ సిక్కా క్రమముగా వెడలినది. వెంటనే 1957 ఏప్రిలు 1న దశాంశ పద్ధతి వచ్చినది. రూపాయికి పదునాఱణాలు పోయి నూఱు నయాపైసలయినవి. అణాకు ఆఱుంబావు పైసలు రావలెను. పావుపైస నాణెము లేదు గనుక అణాకు ఆఱు అని సర్దిరి. నాలుగణాలను ఒక్కసారిగా ఇచ్చినవానికి ఇరువదియైదు పైసలు వచ్చినవి. అణాకొకసారి నాలుగుమారులు ఇచ్చినవానికి ఇరువదినాలుగే. ఒక్క పైసయే కదా అని తోచవచ్చును. అణాల లెక్కన కూలి పొంది, అణాల లెక్కన ఉప్పు, చమురు కొనువాడు ఎప్పుడును ఆ రెండవ వరుసలోనే ఉండును. నాణెము మారిన ప్రతిసారియు ఆ తరుగును మోసినది అతడే. బాబాషాహీ నాడును, హాలీ నాడును అంతే. నాణెముల చరిత్రలు వ్రాసినవారు రాజుల బొమ్మలకు ఇచ్చిన పుటలలో పదవ వంతు ఈ తరుగునకు ఇచ్చియుండవలసినది.

1964లో నయా అను విశేషణము పోయినది. ఆ ఏటనే నెహ్రూ బొమ్మతో రూపాయి, అర్ధరూపాయి వెలువడినవి. స్వతంత్ర భారతమున స్మారకముగ వెలువడి చిల్లరలో తిరిగిన మొదటి నాణెములవి. 1969లో గాంధీ శతజయంతికి పసుపు వన్నె గల ఇరువది పైసల నాణెము వచ్చినది. పావలా, అర్ధరూపాయి విలువలు రెండు పద్ధతులకును సరిపోవుటచే ఆ పేరులు మాత్రము చెక్కుచెదరలేదు. 2004 తరువాత ఆంధ్రప్రదేశమున మహిళా సంఘముల ఋణములకు ప్రభుత్వము పెట్టిన పేరు పావలా వడ్డీ. “పదహారణాల తెలుగుపిల్ల” అను మాట వాడు కవులలో పదునాఱణాలను చేతితో లెక్కించినవారు నేడు ఎందఱుందురు?

సూరతు నేడు మరమగ్గముల నగరము. కిమ్ చుట్టుపట్ల పారిశ్రామిక వాడలు పెరిగినవి. వరంగల్, కరీంనగరు, నల్లగొండ ప్రాంతముల నుండి పద్మశాలీ కుటుంబములు తరతరములుగా సూరతునకు వలసవచ్చినవి. వారి పిల్లల కొఱకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నడిపినది. ఆ కుటుంబముల చేతికి వచ్చు చిల్లరలో తమ దేశపు గుర్తు ఒకటి ఉండును. నాణెముపై సంవత్సరము క్రింద అయిదు మొనల నక్షత్రమున్నచో అది హైదరాబాదు టంకశాలది. వజ్రపు ఆకారమున్నచో బొంబాయిది. చుక్క ఉన్నచో 1988లో మొదలైన నోయిడాది. ఏమియు లేనిచో కలకత్తాది. 1985 నాటి రూపాయిపై హెచ్ అను ఆంగ్లాక్షరము కనబడినచో అది బర్మింగ్‌హాంలోని హీటన్ టంకశాలలో పుట్టినది. మన టంకశాలలకు గిరాకి తీఱక ఆ ఏట కొంత పని విదేశములకు పోయినది. సర్కారుల డబ్బు వచ్చిన ఊరి నుండియే, రెండు శతాబ్దుల తరువాత, స్వతంత్ర భారతపు రూపాయియు వచ్చినది.

భూమిలో దొరకిన నిక్షేపము విలువ పది రూపాయలు మించినచో అధికారికి తెలుపవలెనని 1878 నాటి చట్టము శాసించినది. చిల్లరగా వచ్చిన నాణెమునకు ఆ చట్టము వర్తింపదు. అది పుచ్చుకొన్నవానిదే. అందుచేత దానికి నమోదు లేదు. ఎక్కడ, ఎప్పుడు, దేనితో కలిసి వచ్చినదో వ్రాసిపెట్టువారు లేరు. కోసంబి ఉపయోగించినట్టి సాక్ష్యము ప్రతిదినము చేతులనుండి జారిపోవుచున్నది. ఫోను చెల్లింపులు వచ్చిన తరువాత చిల్లర చేతులు మారుటయే తగ్గినది. ఇకమీద అరిగిన రూపాయి అరుదగును.

చెల్లుబాటును నిర్ణయించువాడెవడు అను పాత ప్రశ్న మాత్రము తీఱలేదు. రెండు లోహముల పదిరూపాయల నాణెము 2005 నుండి పలు రూపములలో ముద్రితమైనది. రూపాయి చిహ్నమున్నది ఒకటి, లేనిది ఒకటి. గీతలు పది యున్నది ఒకటి, పదునైదున్నది ఒకటి. ఇన్ని రూపములను చూచిన అంగడివారు దొంగ నాణెమని దేశమున పెక్కుచోట్ల నిరాకరించిరి. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటన చేయవలసివచ్చినది. అప్పటికి వెలువడిన పదునాలుగు రూపములును చెల్లునని అందు చెప్పిరి. ఆ తరువాతను కొన్ని ఊళ్ళలో అవి చెల్లలేదు. గ్రీకు రాజు లేని ఊరిలో గ్రీకు నాణెము రెండువందల ఏండ్లు చెల్లినది. ప్రభుత్వము జీవించియుండగా, అది చెల్లునని చెప్పిన నాణెమును బస్సు కండక్టరు త్రిప్పి ఇచ్చెను.

2011 జూను 30తో పావలాయును, దానికి దిగువ నాణెములును చట్టరీత్యా చెల్లుబాటు కోల్పోయినవి. అర్ధరూపాయి నేటికిని చట్టప్రకారము చెల్లును. సూరతులోను, సికింద్రాబాదులోను దానిని పుచ్చుకొను అంగడి దొరకుట కష్టము.